ఫైల్ పర్మిషన్లు: డిస్కునే అడగాలి

ఒక పెన్‌డ్రైవ్‌ను లైనక్స్ కంప్యూటర్‌కు తగిలించి, అందులోని ఏదో ఒక ఫైల్ మీద ‘సీహెచ్‌మోడ్ 600’ అనే కమాండ్ ఇవ్వండి. ఈ ఫైల్‌ను యజమాని తప్ప ఇంకెవరూ చదవకూడదు, రాయకూడదు అని దానికి అర్థం. ఎంటర్ నొక్కగానే కర్సర్ కింది లైనుకు వస్తుంది. ఎర్రర్ మెసేజ్ ఏమీ రాదు. ఇప్పుడు ఫైళ్ల జాబితా తీసి చూడండి. పెన్‌డ్రైవ్ చాలావాటిలాగే ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే, ఆ ఫైల్ ఇంతకుముందు అందరికీ తెరిచి ఉన్నట్టే ఇప్పుడూ తెరిచే ఉంటుంది. కమాండ్ సక్సెస్ అని చెప్పింది కానీ పని జరగలేదు.

లైనక్స్ కెర్నెల్‌లో ఎఫ్‌ఏటీ డిస్కులను నడిపే కోడ్ తెరిస్తే, సరిగ్గా ఈ చోట ప్రోగ్రామర్లు రాసి పెట్టిన చిన్న వ్యాఖ్య కనిపిస్తుంది. ఇక్కడ ‘అనుమతి లేదు’ అనే ఎర్రర్ ఇవ్వడం లేదనీ, వింతగా ఉన్నా మరీ పాత పద్ధతి కాబట్టి అలాగే ఉంచేశామనీ దాని సారాంశం. వాళ్లను తప్పుపట్టలేం. ఏళ్ల తరబడి ఒకలా నడిచినదాన్ని ఉన్నట్టుండి మారిస్తే, దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. కానీ ఆ మౌనం వల్ల ఇబ్బంది పడేవాళ్లు ఇంకొకరున్నారు. వాళ్లు సాఫ్ట్‌వేర్‌కు టెస్టులు రాసేవాళ్లు.

టెస్ట్ అంటే ప్రోగ్రామును పరీక్షించే మరో ప్రోగ్రాం. ఒక ఫోల్డర్ చెయ్యి, అందులో ఒక ఫైల్ పెట్టు, దానికి ఫలానా అనుమతులు ఇవ్వు, అసలు ప్రోగ్రామును నడుపు, ఫలితం ఇలా ఉంటే పాస్, లేకపోతే ఫెయిల్. పెద్ద ప్రాజెక్టుల్లో ఇలాంటివి వేల సంఖ్యలో ఉంటాయి. కోడ్‌లో ఒక్క లైను మారినా అవన్నీ మళ్లీ నడుస్తాయి. అయితే ఒక్కోసారి రాసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో పచ్చగా పాసైన టెస్ట్, పక్క సీటులోని సహోద్యోగి దగ్గర ఎర్రగా ఫెయిలవుతుంది. ప్రోగ్రాములో తప్పేమీ లేదు. ప్రతి డిస్కూ మనం ఇచ్చిన అనుమతులను గుర్తుపెట్టుకుంటుందని టెస్ట్ లోలోపల నమ్మింది. ఆ నమ్మకం అక్కడ చెల్లలేదు.

ఆ నమ్మకం యూనిక్స్ నుంచి వచ్చింది. 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, వాళ్ల సహచరులు యూనిక్స్‌ను తయారు చేసేటప్పుడు, ఒకే కంప్యూటర్‌ను చాలామంది పంచుకునేవాళ్లు. కాబట్టి ఫలానా ఫైల్ ఎవరిది, దాన్ని ఎవరు చదవొచ్చు అనే ప్రశ్న మొదట్నుంచీ ఉంది. కాలక్రమంలో కుదురుకున్న జవాబు తొమ్మిది బిట్లు. యజమానికి మూడు, గ్రూపుకు మూడు, మిగతావాళ్లకు మూడు. ఒక్కో మూడింటిలో చదవడానికి 4, రాయడానికి 2, ప్రోగ్రాంగా నడపడానికి 1. 755 అంటే యజమానికి అన్నీ, మిగిలినవాళ్లకు చదవడం, నడపడం మాత్రమే. 644 అంటే యజమాని రాసుకోవచ్చు, తక్కినవాళ్లు చదువుకోవచ్చు, నడపడం ఎవరికీ లేదు. ఈ బిట్లు ఫైల్‌లోని సమాచారంలో ఉండవు. ప్రతి ఫైల్‌కూ డిస్కు మీద ‘ఐనోడ్’ అనే చిన్న రికార్డు ఉంటుంది, అందులో ఉంటాయి.

ఎఫ్‌ఏటీ పుట్టుక వేరు. 1977లో మైక్రోసాఫ్ట్‌లో, ఒకరి ముందు ఒక కంప్యూటర్ ఉండే ప్రపంచం కోసం, ఫ్లాపీల కోసం పుట్టింది. తర్వాత డాస్‌తో స్థిరపడిన రూపంలో ఒక్కో ఫైల్‌కు డైరెక్టరీలో 32 బైట్ల చోటు ఉంటుంది. పేరుకు 11 బైట్లు, సైజుకు 4, తేదీలకూ సమయాలకూ కొన్ని, ఫైల్ డిస్కు మీద ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి కొన్ని, లక్షణాలకు ఒకే ఒక్క బైట్. ఆ బైట్‌లో ఆరు గుర్తులు: రీడ్ ఓన్లీ, హిడెన్, సిస్టమ్, డిస్కు పేరు, ఫోల్డర్, ఆర్కైవ్. యజమాని ఎవరో రాసుకునే చోటు ఆ 32 బైట్లలో ఎక్కడా లేదు. గడి లేని అప్లికేషన్ ఫారంలో మన వివరం ఎంత ముఖ్యమైనదైనా ఎక్కించలేం కదా, ఇదీ అంతే. అందుకే లైనక్స్ ఈ డిస్కును కలుపుకునేటప్పుడు అనుమతులను తనే కల్పించుకుంటుంది. డిస్కును మౌంట్ చేసినప్పుడు ఇచ్చిన ఆప్షన్లను బట్టి ఫైళ్లన్నిటికీ 755 అనో, 644 అనో ఒకే మాదిరి ముద్ర వేసి చూపిస్తుంది. సీహెచ్‌మోడ్‌తో అక్కడ నిజంగా మార్చగలిగింది ఒక్కటే. రాసే అనుమతిని అందరికీ ఒకేసారి తీసేస్తే, అది రీడ్ ఓన్లీ గుర్తుగా డిస్కు మీద పడుతుంది.

విండోస్‌లో వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ సంగతి ఇందుకు తలకిందులు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఈ ఫైల్‌సిస్టమ్‌లో అనుమతుల వ్యవస్థ యూనిక్స్ కంటే విస్తారమైనది. ఒక్కో ఫైల్‌కు ఒక్కో జాబితా, అందులో ఏ యూజర్‌కు ఏది ఇవ్వాలో, ఏది నిరాకరించాలో విడివిడిగా రాసుకోవచ్చు. చిక్కల్లా ఆ జాబితాను తొమ్మిది బిట్లలోకి కుదించాల్సి వచ్చినప్పుడే. ఒక్కో ప్రోగ్రామింగ్ భాష ఒక్కో దారి పట్టింది. విండోస్ మీద పైథాన్‌లో సీహెచ్‌మోడ్ ఫంక్షన్‌ను పిలిస్తే రీడ్ ఓన్లీ గుర్తు ఒక్కటే మారుతుంది, తక్కిన బిట్లను అది పట్టించుకోదు. జావాలో పోసిక్స్ అనుమతులు, అంటే యూనిక్స్ తరహావి, పెట్టబోతే, ఇక్కడ ఆ సదుపాయం లేదని ఎక్సెప్షన్ విసురుతుంది. టెస్ట్ రాసేవాళ్లకు నాకు తెలిసి జావా పద్ధతే మేలు. మొహం మీద ‘లేదు’ అని చెప్పే సిస్టమ్‌తో పని సులువు. ‘సరే’ అని ఊరుకునే దానితోనే కష్టం.

ఈ కష్టాన్ని ప్రాజెక్టులు ఎలా దాటుతున్నాయో చూడటానికి గిట్‌ను మించిన ఉదాహరణ లేదు. 2005లో లినస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నెల్ పని కోసం మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఇవాళ హైదరాబాద్ హైటెక్ సిటీలోనైనా, అమెరికాలోనైనా కోడ్ రాసేవాళ్లలో చాలామంది రోజూ వాడతారు. కోడ్‌లో ఎప్పుడు ఏ మార్పు వచ్చిందో భద్రపరచడం దాని పని. అనుమతుల విషయంలో అది బాగా పొదుపరి. మామూలు ఫైల్ అయితే నడపొచ్చా, లేదా అన్న ఒక్క తేడానే దాచుకుంటుంది. 644 లేదా 755, అంతే. గ్రూపుకు రాసే హక్కు ఉందా లేదా అన్నది ఒకరి కంప్యూటర్‌కూ ఇంకొకరి కంప్యూటర్‌కూ మారుతూనే ఉంటుంది. అదంతా చరిత్రలోకి ఎక్కితే ఎవరూ ఏమీ మార్చకుండానే అన్నీ మారినట్టు కనిపిస్తాయి.

ఆ ఒక్క తేడానైనా డిస్కు నిజంగా గుర్తుపెట్టుకుంటుందో లేదో గిట్‌కు ఎలా తెలుస్తుంది? కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టడానికి ‘గిట్ ఇనిట్’ అని కొట్టినప్పుడు, అది మనకు చెప్పకుండా ఒక చిన్న ప్రయోగం చేస్తుంది. తను అప్పుడే రాసిన ‘కాన్ఫిగ్’ ఫైల్ అనుమతులు చదువుతుంది. అందులో యజమాని ‘నడపొచ్చు’ బిట్‌ను తిరగేస్తుంది, అంటే ఉంటే తీసేస్తుంది, లేకపోతే పెడుతుంది. మళ్లీ చదువుతుంది. మార్పు కనిపించిందా? కనిపిస్తే బిట్‌ను మళ్లీ మొదటి స్థితికి తెచ్చి, ఈ డిస్కును నమ్మొచ్చని ‘ఫైల్‌మోడ్ ట్రూ’ అని రాసుకుంటుంది. కనిపించకపోతే ‘ఫాల్స్’. ఆ తర్వాత ఆ డిస్కు చెప్పే ‘నడపొచ్చు’ బిట్‌ను లెక్కలోకి తీసుకోదు.

ఇందులో ఇంకో జాగ్రత్త కూడా ఉంది, నాకు బాగా నచ్చేది అదే. అప్పుడే పుట్టిన కాన్ఫిగ్ ఫైల్ ముందుగానే ‘నడపొచ్చు’ అని కనిపిస్తే, ఆ తర్వాత బిట్ తిరగబడినా సరే, గిట్ ఆ డిస్కును నమ్మదు. మామూలు టెక్స్ట్ ఫైల్‌కు ఎవరూ అడగకుండా ఆ బిట్ వచ్చిందంటే, అన్నిటికీ ఒకే ముద్ర వేసే ఫైల్‌సిస్టమ్ అన్నమాట. మార్చగలగడం ఒకటి, మొదట సరిగ్గా ఉండటం ఇంకొకటి. రెండూ ఉంటేనే నమ్మకం. ఇదే సమయంలో మరో రెండు ప్రయోగాలూ జరిగిపోతాయి. ఇంకో ఫైల్‌కు దారి చూపే సింబాలిక్ లింక్ ఒకటి పెట్టి అది లింకుగానే నిలిచిందా అని చూడటం ఒకటి. కాన్ఫిగ్ అన్న పేరులోని ఇంగ్లీషు అక్షరాలను ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చేసి ఆ పేరుతో వెతకడం ఇంకొకటి. దొరికిందంటే, ఈ డిస్కుకు పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా తెలియదని రుజువైనట్టే.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ మొత్తంలో ఆపరేటింగ్ సిస్టమ్ పేరు అడిగే మాటే లేదు. ఇది లైనక్సా, విండోసా, మ్యాకా అని చూసి ఊహించడం లేదు. ఈ ఫోల్డర్ ఉన్న ఈ డిస్కు ఏం చేయగలదో చేయించే చూస్తోంది. టెస్టులు రాసేవాళ్లు నేర్చుకోవాల్సిన పద్ధతి ఇదే అని నా గట్టి అభిప్రాయం. విచిత్రంగా గిట్ సొంత టెస్టుల్లోనే ఈ పద్ధతి అంతటా లేదు.

గిట్ టెస్టుల్లో ఒక్కోదాని ముందు అది నడవడానికి ఏం కావాలో రాసే వీలుంది. ‘పోసిక్స్‌పెర్మ్’ అని రాస్తే యూనిక్స్ తరహా అనుమతులు ఉన్న చోటే ఆ టెస్ట్ నడవాలి. లేనిచోట ఫెయిల్ అనకుండా, ‘పోసిక్స్‌పెర్మ్ లేనందువల్ల వదిలేశాం’ అని కారణంతో సహా రిపోర్టులో రాస్తుంది. మంచి ఏర్పాటు. కానీ ఆ పోసిక్స్‌పెర్మ్ ఉందో లేదో తేల్చేది ఆపరేటింగ్ సిస్టమ్ పేరును బట్టి. విండోస్ మీద గిట్ అయితే లేదు, లైనక్స్ అయితే ఉంది. లైనక్స్‌లోనే ఎఫ్‌ఏటీ డిస్కు మీద టెస్ట్ నడిపితే? టెస్టుల తాత్కాలిక ఫోల్డర్లను వేరే చోట పెట్టుకోవడానికి ‘రూట్’ అనే ఆప్షన్ ఉంది కాబట్టి అది పెద్ద పనేమీ కాదు. అప్పుడు ‘ఇది లైనక్స్, అనుమతులుంటాయి’ అనే భరోసాతో బయల్దేరిన టెస్ట్, ఆ భరోసా చెల్లని డిస్కు మీదికి వెళ్లి పడుతుంది.

ఒకే కంప్యూటర్‌లో రెండు జవాబులు రావడం అరుదేమీ కాదు. విండోస్‌లోనే లైనక్స్ నడుపుకునే డబ్ల్యూఎస్‌ఎల్‌ను మన దగ్గర చాలామంది వాడుతున్నారు. అందులో హోమ్ ఫోల్డర్ నిజమైన లైనక్స్ ఫైల్‌సిస్టమ్ మీద ఉంటుంది, అక్కడ 600 అంటే 600. విండోస్ సీ డ్రైవ్ కనిపించే ఫోల్డర్‌లోకి వెళ్తే మామూలుగా ప్రతి ఫైలూ 777గా, అంటే అందరికీ అన్నీ ఇచ్చేసినట్టుగా కనిపిస్తుంది. ‘మెటాడేటా’ అనే మౌంట్ ఆప్షన్ ఇస్తే అదే సీ డ్రైవ్ లైనక్స్ అనుమతులను కూడా దాచుకోవడం మొదలుపెడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ పేరు మూడు సందర్భాల్లోనూ లైనక్సే.

సరైన దారిలో నడిచిన ఉదాహరణ కూడా గిట్ టెస్టుల్లోనే ఉంది. దాని పేరు ‘శానిటీ’. ‘రాయడానికి అనుమతి లేని ఫోల్డర్‌లో రాయబోతే ప్రోగ్రాం మర్యాదగా ఎర్రర్ చెబుతుందా?’ వంటి టెస్టులకు ఇది కావాలి. అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌గా నడిపితే ఈ టెస్ట్ అర్థరహితం. యూనిక్స్‌లో రూట్‌కు ఈ చదివే, రాసే బిట్లు అడ్డు రావు, 000 అని పెట్టినా చదివేస్తుంది. డాకర్ కంటెయినర్లలో వేరే చెప్పకపోతే ప్రోగ్రాములు రూట్‌గానే నడుస్తాయి. ల్యాప్‌టాప్‌లో పాసైన టెస్ట్ కంపెనీ బిల్డ్ సర్వర్‌లో ఫెయిలవడానికి ఇదొక పెద్ద కారణం. అక్కడ డిస్కు చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, అడిగేవాళ్ల హోదా మారిందంతే.

మొదట్లో శానిటీ పరీక్ష ఒక్క ముక్కే: అన్నిటికీ మూలమైన ‘/’ ఫోల్డర్‌లో నేను రాయగలనా? రాయగలిగితే నేను రూట్ అన్నమాట, ఆ టెస్టులు వద్దు. తర్వాత దాన్ని మార్చి, నిజంగా కావాల్సిందేమిటో అదే చేసి చూసేలా రాశారు. ఇప్పుడది రెండు చిన్న ఫోల్డర్లు చేసి, ఒక్కోదాంట్లో ఒక్కో ఫైల్ పెడుతుంది. మొదటి ఫోల్డర్‌కు రాసే అనుమతి, అందులోని ఫైల్‌కు చదివే అనుమతి తీసేస్తుంది. రెండో ఫోల్డర్‌లోకి తొంగిచూసే అనుమతే తీసేస్తుంది. ఆ తర్వాత నిషేధించిన పనులన్నీ వరసగా చేయడానికి ప్రయత్నిస్తుంది: మొదటి ఫైల్ చదవగలనా, దాన్ని తుడిచేయగలనా, రెండో ఫోల్డర్‌లో ఫైల్ ఉందని కనిపిస్తోందా? మూడింటికీ ‘కుదరదు’ అన్న జవాబు వస్తేనే అనుమతుల టెస్టులకు పచ్చజెండా. రూట్ అయినా, అనుమతులను లెక్కచేయని డిస్కు అయినా, ఇంకేదైనా కారణమైనా ఈ వలలో పడుతుంది. కారణాల జాబితా ముందుగా తెలియాల్సిన అవసరమే లేదు.

డిస్కుల మధ్య తేడాలు అనుమతులతో ఆగవు. తెలుగు పేర్లు పెట్టుకునే మనకు నేరుగా తగిలేది ఒకటుంది. ‘హైదరాబాద్’ అనే పేరుతో ఒక ఫైల్ పెట్టామనుకోండి. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగా. కంటికి రెండూ ఒకటే. యూటీఎఫ్-8లో మొదటిదానికి ఆ పేరు 27 బైట్లు, రెండోదానికి 30. ఆపిల్ పాత ఫైల్‌సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచేది, లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌లు మామూలుగా ఇచ్చిన బైట్లను ఇచ్చినట్టే ఉంచుతాయి. ఇచ్చిన పేరే తిరిగి రావాలని చూసే టెస్ట్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ మీద ఫెయిలవుతుంది. గిట్ టెస్టుల్లో దీనికీ ఒక షరతు ఉంది, అదీ ఒక ఫైల్ పెట్టి, ఆ పేరునే ఇంకో రకంగా రాసి వెతికితే దొరుకుతుందా అని చూసి తేల్చుకునేదే.

ఇంతవరకూ చెప్పింది టెస్టును ఎప్పుడు వదిలేయాలన్నది. వదిలేయడం తప్పనిసరి అయినప్పుడే వదలాలి. చాలాచోట్ల టెస్టును ఇంకోలా రాస్తే ఆ అవసరమే రాదు. స్క్రిప్టును నడపగలిగేలా చరిత్రలో భద్రపరుస్తున్నామా అన్నది చూడాలనుకుందాం. దానికి డిస్కు మీది బిట్ అక్కర్లేదు. గిట్‌లో ఫైల్‌ను కలిపేటప్పుడే ‘ఇది నడపదగ్గది’ అని నేరుగా చెప్పే ఆప్షన్ ఉంది, విండోస్ మీదా పనిచేస్తుంది. విండోస్‌లో రాసిన బిల్డ్ స్క్రిప్ట్ లైనక్స్ సర్వర్‌లో ‘పర్మిషన్ డినైడ్’ అంటూ మొరాయించినప్పుడు మందు కూడా ఇదే. టెస్టులో ఆ ఆప్షన్ వాడి, తర్వాత గిట్ లోపలి రికార్డులో 755 పడిందా అని చూస్తే చాలు, ఏ డిస్కు మీదైనా అదే జవాబు.

మన సొంత ప్రోగ్రాముల్లోనూ అంతే. ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలో నిర్ణయించే లెక్కను ఒక ఫంక్షన్‌గా విడదీస్తే, దాన్ని డిస్కు ముట్టుకోకుండా పరీక్షించవచ్చు. డిస్కు మీద నిజంగా ఆ అనుమతి పడిందా అని చూసే టెస్టులు రెండో మూడో మిగులుతాయి, షరతు వాటికి పెడితే సరిపోతుంది. ‘యూమాస్క్’ సంగతీ మరవకూడదు. కొత్త ఫైళ్ల నుంచి ఏ అనుమతులు కోసేయాలో చెప్పే ఆ సెట్టింగ్ ఒకచోట 022, ఇంకోచోట 002 ఉంటుంది. 644 వస్తుందనుకున్నచోట 664 వస్తుంది. టెస్ట్ మొదట్లో దాన్ని మనమే ఒక విలువకు బిగించేస్తే ఆ బెడద ఉండదు.

డిస్కును ముట్టుకునే ఆ రెండు మూడు టెస్టులను తేలిగ్గా తీసుకోకూడదనడానికి కారణం ఉంది. సర్వర్లలోకి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం, ప్రైవేట్ కీ ఫైల్ ఇతరులకు తెరిచి ఉంటే గట్టిగా హెచ్చరించి, ఆ కీని వాడటానికే నిరాకరిస్తుంది. పాస్‌వర్డులు, టోకెన్లు దాచే ఏ ప్రోగ్రామైనా ఆ ఫైల్‌ను 600తో పెట్టాలి. పెడుతోందని చెప్పే టెస్ట్ అన్ని చోట్లా ‘వదిలేశాం’ అంటూ పోతే, ఒకరోజు ఎవరో కోడ్ మార్చి అది 644 అయిపోయినా ఏ రిపోర్టులోనూ ఎర్ర గీత కనిపించదు. వేల టెస్టుల మధ్య ‘స్కిప్’ అన్న మాటను చదివేవాళ్లు ఎవరుంటారు?

గిట్ వాళ్లు ఇందుకు రెండు మీటలు పెట్టుకున్నారు, మిగతా ప్రాజెక్టులు వాటిని అరువు తెచ్చుకోవచ్చు. ఒకటి ఆన్ చేస్తే ఏ షరతూ నెరవేరలేదన్నట్టే టెస్టులు నడుస్తాయి. షరతులున్న టెస్టులన్నీ ఒక్కసారిగా పక్కకు తప్పుకుంటాయి. అప్పుడు ముందు టెస్ట్ తయారుచేసిన ఫైల్ మీద చడీచప్పుడు లేకుండా ఆధారపడ్డ తర్వాతి టెస్ట్ ఏదో బయటపడుతుంది. మామూలు లైనక్స్ ల్యాప్‌టాప్‌లో అది ఎన్నటికీ దొరకదు. రెండో మీటకు షరతుల పేర్లు ఇస్తారు. వాటిలో ఏ ఒక్కటి లేదని తేలినా, వదిలేసి ముందుకుపోకుండా మొత్తం పరుగు అక్కడే ఆగిపోతుంది. అనుమతులను సక్రమంగా దాచే డిస్కు ఉన్న ఒక్క బిల్డ్ సర్వర్‌లో, రూట్ కాని యూజర్‌గా, ఈ రెండో మీటకు శానిటీ అని ఇచ్చి పెడితే చాలు. ఎవరైనా రేపు ఆ సర్వర్‌ను రూట్ కంటెయినర్‌లోకి మార్చిన క్షణమే అది ఆగి, ఏ షరతు పోయిందో పేరుతో సహా చెబుతుంది.